సిరిసిల్లకు పంపిన చెట్టు కల్లు

కల్లు రుచి చెప్పడంలో ఆ రోజుల్లో జగిత్యాల మొత్తంలో నన్ను మించినవాడు లేడు. గొప్పకు చెప్పడం లేదు, ఉన్నమాటే చెబుతున్నాను. పొద్దున్నే మా డిపోకు చుట్టుపక్కల ఊళ్ల నుంచి సైకిళ్ల మీద కల్లు వచ్చేది. ఒక్కొక్క దాంట్లోంచి గుక్కెడు నోట్లో పోసుకుని, దింపుకోవాలో వెనక్కి పంపాలో చెప్పడం నా పని. గౌడ ఇంట పుట్టినా నాకు చెట్టెక్కడం రాలేదు. నాలుగు నిలువులు పైకి పోతే కళ్లు తిరిగేవి. మోకు కట్టలేనివాడు ఏం గౌడు అని మా ఇంట్లో వాళ్లే నవ్వేవాళ్లు. నా నాలుక సంగతి తెలిశాక ఆ నవ్వులు ఆగిపోయాయి.

రుచి చూడడానికి నాకు కొన్ని పట్టింపులుండేవి. కల్లును తాటాకు రేకలోనే పోయాలి. ఆకును దొన్నెలా మడిచి రెండు చేతులతో పట్టుకుని తాగేదాన్ని మా దిక్కు రేక అంటాం. గాజు గ్లాసులో తాగేవాడు కల్లు తాగినట్టు కాదు, గ్లాసు కడిగినట్టు. పొద్దున ఉల్లిగడ్డ ముట్టేవాణ్ని కాదు. బీడీ అసలే లేదు. మా ఇంటావిడ నాకోసం వేరే కూర వండలేక విసుక్కునేది. ఏదో దేవుడి కొలువుకు పోతున్నట్టు ఈ నియమాలేమిటి అనేది. నాకైతే అది దేవుడి కొలువు కంటే తక్కువ కాదు.

గొల్లపల్లి దిక్కు తాటి కల్లు చిక్కగా ఉంటుంది. మొదటి గుక్కలో ఏమీ చెప్పదు. రెండో గుక్క గొంతు దిగాక అప్పుడు మెల్లగా తీపి బయటపడుతుంది. నెమ్మదస్తుడి కల్లు అనేవాణ్ని దాన్ని. సారంగాపూర్ ఈత కల్లు అలా కాదు. చెట్టుకు కట్టిన లొట్టి, అంటే కల్లు కుండ, దించిన చోట తాగితే అమృతమే. సైకిలు మీద జగిత్యాల చేరేసరికి మాత్రం పులుపెక్కి కోపంగా కూర్చునేది. దాన్ని డిపోకు తేవడమే తప్పు, మనమే చెట్టు దగ్గరికి పోవాలి. ముత్యంపేట దగ్గర కల్లు తియ్యగా ఉంటుందనీ, చక్కెర ఫ్యాక్టరీ గాలి చెట్లకు తగిలి అలా అవుతుందనీ చెప్పుకునేవాళ్లు. వట్టి మాట. ఆ ఫ్యాక్టరీ వాసన ముక్కులో ఉంటుంది, కల్లులో కాదు. ముక్కు మూసుకుని తాగి చూడమని నేనే చాలామందికి చెప్పాను. ఒక్కడూ మూసుకోలేదు, నమ్మకం పోతుందని భయం.

కోరుట్లలో ఒక దుకాణం కల్లు తాగితే పెదవులు ఒకదానికొకటి అంటుకునేవి. తాగినవాళ్లు ఆహా అనేవాళ్లు. అది సాక్రీన్, చక్కెర బదులు వేసే పొడి. చెట్టు తీపి నాలుక మీదికి వచ్చి వెళ్లిపోతుంది. సాక్రీన్ తీపి గొంతులో చాప పరుచుకుని కూర్చుంటుంది, లెమ్మన్నా లేవదు. ఈ మాట ఆ దుకాణం ముందే నిలబడి చెప్పాను. వాళ్లు నన్ను కొట్టకపోవడానికి కారణం నామీద గౌరవం అనుకున్నాను. మా వాళ్లు మాత్రం, పక్కన పోలీసు జీపు ఆగి ఉండడం వల్ల బతికిపోయావన్నారు. పోలీసులకు కూడా మా కల్లు బాగా తెలుసు. ఊరి బయట సైకిళ్లు ఆపి, రాత్రి అడవిలో ఎవరికి కూడు పెట్టొచ్చారని అడిగి, జవాబు వినకుండానే ఒక లొట్టి దించుకునేవాళ్లు. వాళ్లకు రుచితో పని లేదు, అది నిండుగా ఉంటే చాలు.

ఇక సిరిసిల్ల. మా అక్కను సిరిసిల్లలో ఇచ్చాం. బావకు నేతవాళ్ల వాడలో కల్లు దుకాణం. నేను అక్క ఇంటికి పోయినప్పుడల్లా అన్నం తినేవాణ్ని, మంచినీళ్లు తాగేవాణ్ని, బావ దుకాణం కల్లు మాత్రం ముట్టేవాణ్ని కాదు. ముట్టకుండానే దాని చరిత్ర చెప్పగలను. సగం నీళ్లు, తీపికి సాక్రీన్, నురుగుకు ఇంకేదో, మత్తుకు తెల్ల పొడి. ఆ పొడిని అందరూ మందు అనేవాళ్లు. అది పడిన కల్లు నాలుక కొసకు తగిలిందంటే అక్కడ మొద్దుబారుతుంది, చిగుళ్ల వెంట ఒక చేదు పాకుతుంది. బావను బాధ పెట్టడానికి అనేవాణ్ని, నీ దుకాణంలో చెట్టుకు పనిలేదు బావా, మెడికల్ షాపు వాడుంటే చాలని. బావ నవ్వి ఊరుకునేవాడు.

అందరూ అలాగే అమ్మేవాళ్లు. సిరిసిల్లలో తాగే నోళ్లు వేలు, చుట్టూ ఉన్న చెట్లు కొన్ని. పైగా సాంచెల మీద పనిచేసినవాడికి రుచి అక్కర్లేదు. పవర్‌లూమును అక్కడ సాంచ అంటారు. షిఫ్టంతా ఆ చప్పుడులో నిలబడి వచ్చినవాడికి చెవుల్లో మోత ఆగాలి, నిద్ర పట్టాలి. చెట్టు కల్లు ఆ పని చేయదు, మందు కల్లు చేస్తుంది. సీసా తాగినవాడు తాగిన చోటే ఒరిగిపోయేవాడు. అది చూస్తే నాకు ఒళ్లు మండేది. అంత పాపం కల్లు పేరు మీద జరుగుతోందే అని బాధ కూడా అయ్యేది.

ఒక రోజు సిరిసిల్ల గోడల మీద నక్సలైట్ల, మా మాటలో అన్నల, పోస్టర్లు వెలిశాయి. కల్లులో మందు కలిపి కష్టజీవుల ఒళ్లు గుల్ల చేసేవాళ్లకు ప్రజలే శిక్ష వేస్తారని రాశారు. కింద కొన్ని దుకాణాల గుర్తులు చెప్పారు. అందులో బావది ఉంది. ఆ కాలంలో పేరు గోడ మీదికి ఎక్కడమంటే ఏమిటో ఎవరూ ఎవరికీ చెప్పనక్కర్లేదు. బావ ఉన్న చొక్కాతోనే మొదటి బస్సెక్కి జగిత్యాలలో మా డిపోకు వచ్చాడు. మనిషి సగమైపోయాడు.

"బామ్మర్ది, ఇగ మందు లేదు, నీళ్లు లేవు. నాకు చెట్టు కల్లు తోలియ్యి. నీ బిడ్డలు తాగే అసొంటిది తోలియ్యి," అన్నాడు.

నాకు పట్టరాని సంతోషమైంది. ఇన్నాళ్లకు బావకు బుద్ధి వచ్చింది, పోనీ అన్నల వల్లనైనా వచ్చింది అనుకున్నాను. గొల్లపల్లి కల్లులో బాగున్నదాన్ని ఏరి, రెండుసార్లు రుచి చూసి, జీపులో పంపాను. నా చేతి మీదుగా సిరిసిల్లకు వెళ్లిన మొదటి అసలైన కల్లు అది. తాగినవాళ్లు నాలుగు రోజులు నా పేరు చెప్పుకుంటారని నమ్మాను.

చెప్పుకున్నారు కానీ మరో రకంగా. మొదటి రోజు తాగినవాళ్లు బావ మీద విరుచుకుపడ్డారు. కల్లులో ఏమీ లేదు, ఎన్ని సీసాలు తాగినా కన్ను మూతపడడం లేదు, మమ్మల్ని మోసం చేస్తున్నావు అన్నారు. కొందరు ఒక గుక్క తాగి ఉమ్మేశారు. రెండో రోజుకు వాడలో సగం మందికి చేతులు వణకడం మొదలైంది. చెమటలు, పిచ్చి మాటలు. సాంచ దగ్గర నిలబడ్డ ఒక నేత కార్మికుడు తెగిన పోగు అతకబోయి, వేళ్లు ఆడక, అక్కడే ఫిట్సు వచ్చి పడిపోయాడు. ఎప్పుడూ బావ దుకాణంలోనే తాగేవాడు. అతని భార్య, పక్కవాళ్లు రిక్షాలో వేసుకుని డాక్టరు దగ్గరికి ఉరికారు. మిగిలినవాళ్లు దుకాణం మీద పడి సీసాలు పగలగొట్టారు. కొత్త కల్లులో విషం కలిసిందన్నారు. అదివరకటి కల్లు ఏళ్ల తరబడి తాగాం, ఏమైంది మాకు, కల్లు మారింది, మనిషి పడిపోయాడు, ఇంకేం రుజువు కావాలన్నారు. మా అక్క ఎవరి చేతనో కబురు పంపింది. నేను పోయేసరికి బావ ఇంటి వెనక గదిలో కూర్చుని ఉన్నాడు. అన్నలు పొద్దున రమ్మన్నారని చెప్పాడు.

బావను ఒక్కణ్నే పంపడానికి నాకు మనసొప్పలేదు. ఆ కల్లు నాది. పగలగొట్టగా మిగిలిన ఒక సీసా పట్టుకుని నేనూ వెంట నడిచాను. ఊరి బయట తాటివనంలో ఎండ ఎక్కే వేళకు ముగ్గురు తుపాకులతో ఉన్నారు. వాడ జనం కొంతమంది అప్పటికే వచ్చి కూర్చున్నారు. మాట్లాడినవాడు చిన్న వయసువాడే, గొంతు పెంచలేదు. మనిషి డాక్టరు దగ్గర ఉన్నాడు, చావు బతుకుల్లో ఉన్నాడు, ఏం కలిపావో చెప్పు అని బావను అడిగాడు. నేను ముందుకు వచ్చి, కల్లు నేను పంపానని, దాంట్లో చెట్టు నుంచి దిగింది తప్ప ఇంకేమీ లేదని చెప్పాను. నీ మాట ఎలా నమ్మాలన్నాడు. ఈయన బామ్మర్దివి కదా అన్నాడు.

"నా మాట నమ్మకుండ్రి. సీసా మొత్తం నేనే తాగుత. పొద్దుగుంకె దాక మీ ముంగటనే కూసుంట. నాకేమన్న అయితే మా బావను ఏమన్న చేసుకోండ్రి," అన్నాను.

అక్కడే ఒక మట్టను వంచి ఆకు కోసి రేక మడిచాను. కల్లు నోట్లో పడగానే గొల్లపల్లి కల్లే అని గుర్తుపట్టాను. కాస్త పులిసింది, అంతే. ప్రాణం మీదికి వచ్చినా నా నాలుక తన పని తాను చేసింది. జనం మాత్రం నమ్మలేదు. ఒక్క సీసా తాగితే ఏమవుతుంది, ఈయన తాగి తాగి ఉన్నవాడు అని గొణిగారు. ఎండలో కూర్చున్నాను. నాకేమీ కాలేదు, అయినా ఎవరి ముఖమూ మారలేదు. ఆ అన్న ముఖం చూస్తే బావ పని అయిపోయిందనే అనిపించింది.

అప్పుడు ఆ నేత కార్మికుడి భార్య వచ్చింది. డాక్టరు దగ్గర నుంచి నేరుగా నడిచి వచ్చింది, కొంగు నడుముకు చుట్టుకుని ఉంది. బావను నాలుగు మాటలు తిట్టిపోయడానికి వచ్చిందని అందరూ జరిగి దారిచ్చారు. ఆమె బావ దిక్కు చూడనే లేదు.

"మా ఆయన గీ కల్లు తాగలే అన్నా. ఒక్క గుక్క నోట్లె పోసుకొని, ఇది కల్లే కాదని వాకిట్ల పారబోసిండు. రెండు దినాల సంది ఏం తాగలే. తాగి పడిపోలే, తాగక పడిపోయిండు," అంది.

డాక్టరు చెప్పింది కూడా ఆమే చెప్పింది. ఆ వాడలో ఉర్దూ కలిపి తెలుగు మాట్లాడే ఒక ముసలి డాక్టరు సాబ్ ఉండేవాడు. ఆయన సూది వేసి ఫిట్సు ఆపాడట. ఇన్నేళ్లు మందు తాగిన ఒంటికి ఒక్కసారిగా ఆపేస్తే ఇలాగే అవుతుంది, కొంచెం కొంచెంగా తగ్గించాలి, లేకపోతే మళ్లీ పడతాడు, ఈసారి లేవడు అన్నాడట. అదే మందు మళ్లీ ఇవ్వాలా అని ఆమె అడిగితే, ఇవ్వాలి, తగ్గిస్తూ ఇవ్వాలి అన్నాడట.

మందు ఆపమన్నది అన్నలు. ఆపింది బావ. అసలైన కల్లు అని మురిసిపోయి పంపింది నేను. ముగ్గురం మంచే చేశాం, మనిషి పడిపోయాడు. ఒంటిని పట్టుకున్న దాన్ని రాత్రికి రాత్రి గుంజేస్తే ఒళ్లు కూడా దానితో పోతుందని మాలో ఒక్కరికీ తోచలేదు. ఆ అన్న ఆమెను కూర్చోమన్నాడు. తర్వాత బావతో అన్నాడు.

"మందు బంద్ పెట్టుమన్నం గని మనిషిని సంపుమనలే. తగ్గించుకుంట రా. ఆయన లేచి మళ్ల సాంచ కాడ నిలబడాలె. నిలబడితే నీకు మాకు ఏం లేదు. ఆయనకేమన్న అయితే నిన్నే అడుగుతం."

ఎంత తగ్గిస్తున్నారో ఎలా తెలుస్తుందని జనంలో ఒకరు అడిగారు. దుకాణంవాడి లెక్క మేం నమ్మం అన్నారు. అన్న నా దిక్కు తిరిగి, నువ్వు చెప్పాలె అన్నాడు. ఇంత జరిగినా నాకు లోపల చిన్న గర్వం కలిగింది.

అలా నేను అక్క ఇంట్లో ఉండిపోయాను. జన్మలో మందు కల్లు ముట్టనివాణ్ని, దినాం పొద్దుమాపు దాన్నే రుచి చూసేవాణ్ని. మింగేవాణ్ని కాదు. నోట్లో పట్టి, ఉమ్మి, నాలుక కొస మొద్దుదనం ఎంతసేపుంటుందో చూసేవాణ్ని. అదే నా కొలత. నిన్నటి కంటే ఇవాళ కాస్త త్వరగా వదలాలి. అక్క ఏం వండినా నాకు గడ్డి నమిలినట్టు ఉండేది. జగిత్యాలలో నా పని ఎవడో చేస్తున్నాడనీ, పులిసిందీ పులవందీ ఒక్క తీరుగా దింపుకుంటున్నాడనీ తెలిసి నిద్ర పట్టేది కాదు.

బావ ఒక రోజు ఎక్కువ కలిపాడు. అతని భయం అతనిది. తగ్గితే మనిషి మళ్లీ పడిపోతాడు, మనిషి పడితే తను పోతాడు. నోట్లో పెట్టుకోగానే నాకు తెలిసింది. అక్క మీద ఒట్టు పెట్టి, నిన్నటి కంటే తక్కువే వేశానన్నాడు. నీ ఒట్టు నా నాలుక మీద పనిచేయదు బావా అని క్యాను మొత్తం మోరీలో గుమ్మరించాను. అక్క వాకిట్లో నిలబడి, తన మీద ఒట్టు పెట్టినందుకు బావను తిట్టిన తిట్లు వాడంతా విన్నది. మళ్లీ ఎప్పుడూ అతను అలా చేయలేదు.

ఆ నేత కార్మికుడికి సీసా నేనే తీసుకుపోయేవాణ్ని. మొదట మంచం మీదే తాగేవాడు. నా ముఖం చూసేవాడు కాదు, సీసానే చూసేవాడు. తర్వాత తర్వాత గోడకు ఆనుకుని కూర్చోవడం మొదలుపెట్టాడు. అతని భార్య ఒక నూలు పోగును తుంచి అతని చేతికి ఇచ్చేది. అతకమనేది. అతికితే వేళ్లు కుదురుకున్నట్టు లెక్క. చాలా రోజులు పోగు జారిపోయేది, అతనికి ఏడుపొచ్చేది, ఆమె మాట్లాడకుండా మళ్లీ తుంచి ఇచ్చేది. ఒక సాయంత్రం నేను పోయేసరికి అతికిన పోగు గుమ్మానికి వేలాడగట్టి ఉంది. నేను బావకు ఆ మాట చెబితే నమ్మలేక తనే పోయి చూసి వచ్చాడు.

చివరికి మందు పూర్తిగా ఆపిన రోజు వచ్చింది. అప్పటికే అతను సాంచకు పోతున్నాడు. ఆ రోజు ఎక్కడో ఎన్‌కౌంటర్ జరిగిందని బంద్, గొల్లపల్లి నుంచి బండి రాలేదు. ముందురోజు మిగిలిన చెట్టు కల్లే సీసాలో పోసుకుని పోయాను. బావ నా వెనకే వచ్చాడు, ఇంట్లోకి రాకుండా వాకిట్లోనే నిలబడ్డాడు. ఈ సీసాను అతను ఉమ్మేసినా, పారబోసినా, రేపు మళ్లీ వణికినా కథ మొదటికొస్తుందని మా ఇద్దరికీ తెలుసు.

అతను ఒక గుక్క తాగాడు. ఆగాడు. ఇంకో గుక్క నోట్లో పెట్టుకుని బుగ్గలో అటూ ఇటూ తిప్పాడు. ముఖం చిట్లించాడు. బావ గోడ పట్టుకున్నాడు.

"పులిసింది," అన్నాడు. "నిన్నటిదా అన్నా ఇది?"

నేను రుచి చూసి చెప్పాల్సిన మాట అది. నాకంటే ముందు అతను చెప్పాడు, సరిగ్గా చెప్పాడు. ఏళ్ల తరబడి నాలుక ఎక్కడుందో తెలియని మనిషి నోట ఆ మాట వినేసరికి నేను బావ దిక్కు తిరిగాను. బావ వాకిట్లోనే కూలబడి, రెండు చేతుల్లో ముఖం పెట్టుకుని ఏడ్చాడు. నేను పోయి లేపాల్సి వచ్చింది.

అతని భార్య పొయ్యి దగ్గర నుంచి లేచి గుమ్మం దాకా వచ్చింది. ఆమె కళ్లలో కూడా నీళ్లున్నాయి, కానీ నవ్వుతోంది.

"పొద్దుగాల పప్పుల ఉప్పు లేదని తిట్టిండు అన్నా," అంది. "నేను వండిందాంట్ల ఏమున్నదో ఏం లేదో, పెండ్లయినకాంచి గిదే మొదటిసారి చెప్పుడు."